గుప్పెడు ఇసుక

"ఈ ఏడు మరీ ఎక్కువ కట్టకు, పది రోజుల్లో మళ్ళీ విప్పాలి కదా" అన్నాడు ఆయన, విప్పేది తనే అయినట్టు.

ఆమె స్టూలెక్కి, దారం నోట్లో కరుచుకుని, రంగుకాగితాల గొలుసు గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి కడుతోంది. నోరు ఖాళీ లేదు కాబట్టి సరిపోయింది. ఖాళీగా ఉంటే మాత్రం ఏమంటుంది గనక. ఇరవై రెండేళ్ళుగా దేశంకాని దేశాల్లో సువార్త పని. మిషన్ వాళ్ళు బదిలీ ఉత్తరం పంపినప్పుడల్లా ఓ కొత్త ఇల్లు, కొత్త గోడలు, ఆ గోడలకి మేకులెక్కడ దిగుతాయో వెతుక్కోవడం. పండగనాడు సంఘమంతా వచ్చి పాస్టరుగారి ఇల్లు ఎంత ముచ్చటగా ఉందో అంటారు. పాస్టరుగారి ఇల్లట. ఈ ఇంట్లో సుత్తి ఎక్కడుంటుందో పాస్టరుగారికి తెలిస్తే ఒట్టు.

ఈసారి పండగైన పదో రోజునే ప్రయాణం. అందుకే హాల్లో సగం పండగ, సగం సర్దుడు. గుమ్మం పక్కన నాలుగు అట్టపెట్టెలు, నాలుగింటి మీదా 'పుస్తకాలు' అని ఆయన రాత. ఆమెవీ కూతురివీ కలిపి ఒకే సూట్‌కేసు.

గొలుసు కట్టడం అయ్యాక ఆమె కిటికీ కింద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, బిస్కెట్ల డబ్బా తెచ్చింది. దాని మూత తీయగానే ప్రతి ఏడూ ముందు వాసన చూస్తుంది. అమ్మ కుట్టుమిషను నూనె వాసన ఇంకా ఉందా, పోయిందా? ఉంది. కొంచెం ఉంది.

అమ్మ బట్టలు కుట్టేది. ఈమె పెళ్ళయి మొదటిసారి దేశం దాటి వెళ్తోందని, కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలతో యేసు పుట్టిన పశువులపాక బొమ్మలన్నీ కుట్టి ఇచ్చింది. పద్నాలుగు బొమ్మలు. జ్ఞానుల గడ్డాలకి తన దువ్వెనలో చిక్కిన వెంట్రుకలే అంటించింది. "నా తెల్లజుట్టుకి ఇన్నాళ్ళకి ఒక గౌరవం దొరికిందే" అని నవ్వింది. వాకిట్లో ఇసుక జల్లించి పెట్టే పని ఈమెది. ఒక్కో బొమ్మ అడుగున గుప్పెడు ఇసుక పోసి కుట్టేస్తూ, "కింద బరువుండాలే, లేకపోతే ఎవరు తుమ్మినా పడిపోతారు" అనేది అమ్మ. దారం కొరికేటప్పుడు అమ్మ మెడ ఒక పక్కకి వంగేది. ఆ వంపు తలుచుకుంటే ఇప్పటికీ పరిగెత్తుకెళ్ళి ఆ మెడ మీద ముఖం పెట్టుకోవాలనిపిస్తుంది.

మొదటి బదిలీకి జ్ఞానులూ ఒంటెలూ పాత ఇంట్లోనే ఉండిపోయాయి. "వెనకొచ్చే కుటుంబానికి పనికొస్తాయి. దేవుని పనిలో నాదీ నీదీ ఏముంటుంది" అన్నాడు ఆయన. రెండో బదిలీకి కాపరులు, గొర్రెలు. మూడోసారి గాడిదనీ దేవదూతనీ చేతిలో పట్టుకుని నిలబడితే, "దేశాలు పట్టుకుని ఇసుక మోస్తామా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అదే ఆమెకి ఇప్పటికీ సిగ్గు. ఆ ఇంట్లో ఉండగానే డిసెంబరులో అమ్మ పోయింది. "పండగ గడిచాక వెళ్దువుగాని, ఆదివారం అరవైమంది భోజనానికొస్తున్నారు" అన్నాడు. అరవైమందికీ వండింది. వెళ్ళేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది, కుట్టుమిషను ఎవరో పట్టుకుపోయారు. ఆ దుఃఖం ఉంది, కానీ కోపమే ఎప్పుడూ ముందుకొచ్చి నిలబడుతుంది.

ఇప్పుడు డబ్బాలో మిగిలింది ముగ్గురు. తల్లి, తండ్రి, బిడ్డ.

"అమ్మా, ఇది చూశావా" అంది కూతురు, ఫ్రిజ్‌కి అంటించిన కాగితం దగ్గర నిలబడి. కొత్తగా వచ్చే పాస్టరుగారికి అప్పజెప్పే సామాన్ల జాబితా అది. "సోఫా ఒకటి, కుర్చీలు ఆరు, క్రిస్మస్ బొమ్మలు మూడు. నాన్న మనల్ని అడిగారా?"

ఆమె ఆయన వైపు తిరిగింది. "ఇవి కూడానా అండీ?"

"పుస్తకాల పెట్టె కిలో ఎక్కువొచ్చింది. సూట్‌కేసులో అవి పెట్టకపోతే, నా రెండు పుస్తకాలు అందులో పడతాయి" అన్నాడు ఆయన, చదువుకుంటున్న కాగితంలోంచి తలెత్తకుండానే. "గుడ్డబొమ్మలేగా."

ఆమె బొమ్మల్ని తెల్లగుడ్డ మీద నిలబెట్టింది. తర్వాత వెళ్ళి నాలుగో పెట్టె తెరిచింది. పైనే ఉన్నాయి, దారంతో కట్టిన లావుపాటి నోటుబుక్కులు. ఆయన ప్రసంగాలు. ఆయన రాత ఆయనకే అర్థం కాదు కాబట్టి, ప్రతి శనివారం కూర్చుని ఆమే తిరగరాసేది. 'ఇల్లాలి విశ్రాంతి' అనే ప్రసంగం రాస్తున్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోయి చివాట్లు కూడా తింది. పాలు తుడిచిన చేత్తోనే మళ్ళీ రాసిన మరక ఆ పేజీ మీద ఇంకా ఉంది.

మూడు నోటుబుక్కులు బయటికి తీసింది. పెట్టెకి తాడు బిగించి కొక్కెం తూకానికి తగిలించి, కూతురి చేత ఎత్తించింది. సరిగ్గా సరిపోయింది. ఫ్రిజ్ దగ్గరకెళ్ళి జాబితాలో 'బొమ్మలు మూడు' అన్నది కొట్టేసి, పక్కనే 'ప్రసంగాల నోటుబుక్కులు మూడు' అని గుండ్రంగా రాసింది.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అవి నా ప్రసంగాలు."

"వెనకొచ్చే ఆయనకి పనికొస్తాయండీ. దేవుని పనిలో నాదీ నీదీ ఏముంటుంది" అంది ఆమె. వెటకారం లేదు గొంతులో. ఇన్నేళ్ళూ విన్న మాట, విన్నట్టే అప్పజెప్పింది.

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల జాబితాని శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తోంది. మళ్ళీ ఈమె వైపు చూసి, "మరి అక్కడికి వెళ్ళాక ఆదివారం నేనేం చెప్పాలి?" అన్నాడు, నిజంగానే తెలియనివాడిలా.

ఆమె దారం తెంపుకుని మళ్ళీ స్టూలెక్కింది. ఎదుటి గోడ ఇంకా ఖాళీగా ఉంది. దానికి ఒకటి కాదు, రెండు గొలుసులు కట్టింది.

"పండగయ్యాక ఇవన్నీ విప్పేది మీరు" అంది వెనక్కి తిరగకుండానే. "సుత్తి వంటింట్లో మూడో సొరుగులో ఉంటుంది."