ఒక చెవి ఇక్కడ, ఒక చెవి గుమ్మం దగ్గర

కొబ్బరి కోరే చప్పుడుకు భర్త హెమెదీ లేస్తాడేమోనని సివాతు కోరాం కింద, ఒంటికి చుట్టుకునే పాత కంగా గుడ్డ మడిచి వేసింది. ఆదివారం పొద్దెక్కినా మగోమెనీ పేటలోని ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. శనివారం క్లబ్బులో పాటలు వేసి వచ్చిన మనిషి మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. మధ్యలో చెంచా జారినా లేస్తాడు. తిట్టడు, కొట్టడు. "మావాడు చెయ్యెత్తే రకం కాదు" అని అత్తగారు బీ తాతు వాడకట్టంతా చెప్పుకుంటుంది, నిజమే. లేచి గుమ్మంలో నిలబడి, "ఎవరు పడేశారు?" అని నెమ్మదిగా అడుగుతాడు. జవాబు చెప్పినా మళ్ళీ అడుగుతాడు. ఆ నెమ్మదికే సివాతు అరచేతుల్లో చెమట పడుతుంది.

పాటలు వేసేవాళ్ళకు రెండు చెవులూ ఒక పని చెయ్యవు. ఒక చెవి హాల్లో మోగుతున్న పాట మీద ఉంటుంది, హెడ్‌ఫోను పెట్టుకున్న రెండో చెవి రాబోయే పాట మీద ఉంటుంది. తాంగా ఊళ్ళో తండ్రి క్యాసెట్ల దుకాణంలో ఈ విద్య నేర్చుకున్నప్పుడు, ఒకరోజు కాపురానికి పనికొస్తుందని ఆమె అనుకోలేదు. ఇప్పుడు అన్నం వార్చుతూ ఒక చెవి వీధి మీద పెడుతుంది. హెమెదీ మోటారు సైకిలు మలుపులో ఎలా ఆగిందో, తాళంచెవి ఎంత విసురుగా తిరిగిందో విని, ఆ సాయంత్రం ఎలా ఉండబోతోందో ముందే తెలుసుకుంటుంది. పిల్లల్ని పక్కింటికి పంపాలో, పుస్తకాల ముందు కూర్చోబెట్టాలో అప్పుడే తేల్చుకుంటుంది. క్లబ్బులో జనం ఈలలు వేసే పాటల వరసలన్నీ ఆమె వంటింట్లో కూర్చుని కూర్చినవే. గోడమీద పోస్టర్లలో మాత్రం హెమెదీ మొహమే ఉంటుంది. "పాటల పెట్టె మీద వేళ్ళు తిప్పేది నేను. పాటలు ఏరడం కూడా ఒక పనేనా, బియ్యం ఏరినట్టు" అని స్నేహితుల ముందు ఒకసారి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, టీలు అందిస్తూ.

ఆ రోజు ఆడబిడ్డ జుల్ఫా కిచెన్ పార్టీ. పెళ్ళికి ముందు ఆడవాళ్ళే చేరి పెళ్ళికూతురికి గిన్నెలూ బుద్ధులూ ఇచ్చే వేడుక కాబట్టి మగవాడు పాటలు వెయ్యడానికి లేదు. అలాంటి చోట్లకు మాత్రమే హెమెదీ ఆమెను పంపుతాడు. లేచి మొహం కడుక్కుని కొబ్బరి అన్నం తింటూ, పొద్దుగూకే వేళకు వచ్చి స్పీకర్లు తీసుకెళతానన్నాడు. చెయ్యి తుడుచుకుని, చాలా మామూలుగా, "అప్పటిదాకా పెట్టె దగ్గర్నుంచి కదలకు" అన్నాడు.

ఎందుకు కదలకూడదో ఇద్దరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో సివాతు బంధువులింట్లో తారబ్ పాట కచేరీకి వెళ్ళింది. పాట నడుస్తుండగా ఏ చరణం తన మనసులోదైతే దాని దగ్గర లేచి, డబ్బు నోటు పైకెత్తి పట్టుకుని అందరిమధ్యా నడిచి, పాడే మనిషి చేతిలో పెట్టడం అక్కడి పద్ధతి. అలా లేచినవాళ్ళదే ఆ చరణం. వాళ్ళ కోసం దాన్ని మళ్ళీ పాడతారు. సివాతుకు ఆ రోజు వయొలిన్ విరుపు నచ్చింది, మాటలు పట్టించుకోకుండా లేచి వెళ్ళి ఇచ్చింది. "బయట వెన్నెలలా నవ్వేవాడా, తలుపు వేశాక నీ మొహం నాకొక్కదానికే తెలుసు." ఇదీ ఆ చరణం. హాలంతా గుసగుసలు. ఆమె ఇల్లు చేరేలోపు అత్తగారు కొడుకు చెవిన వేసేసింది. హెమెదీ తలుపు గడియ పెట్టి, దానికి ఆనుకుని కూర్చుని, "ఏ మొహం తెలుసు నీకు?" అని అడిగాడు. నాకేమీ తెలీదు, రాగం బాగుందని వెళ్ళానంది. తెల్లవారేదాకా అదే ప్రశ్న, అదే గొంతు. అడిగినప్పుడు ఆమెకు నిజంగానే తెలీదు. తెల్లవారేసరికి తెలిసింది.

కిచెన్ పార్టీ హాల్లో పాటల పెట్టె వెనక నిలబడితే భయం కొంచెం తగ్గుతుంది. అక్కడున్న మనిషి లేచి నడవాల్సిన పని లేదు, ఏ మాటా ఆమెకు అంటుకోదు. భోజనాలయ్యే వేళ జుల్ఫా నీళ్ళు తాగే నెపంతో పెట్టె వెనక్కి వచ్చింది. సివాతు కోడలిగా వచ్చినప్పుడు జుల్ఫా రెండు జడల పిల్ల, ఆమె చేతి అన్నంతోనే పెరిగింది. గాజులు పైకి తోసి మణికట్టు చూపించింది. గోరింట డిజైను కింద కమిలిన మచ్చ.

"ఫోను తియ్యడం ఆలస్యమైందని నన్ను చేసుకోబోయేవాడు చెయ్యి పట్టుకున్నాడు, వదినా. గట్టిగానేం కాదు. ఎవరితో ఉన్నావని మళ్ళీ మళ్ళీ అడిగాడు." గాజులు కిందికి లాగేసింది. "ఇది అందరి మగాళ్ళకీ ఉండేదేనా? ఉండేదే అంటే ఊరుకుంటా. నువ్వు చెప్పు."

అంతలోనే ఎవరో పిలిస్తే జుల్ఫా వెళ్ళిపోయింది.

తర్వాత బుద్ధులు చెప్పే వరస. మేనత్త మైకు తీసుకుని, మగవాడు కోపంగా ఉన్నప్పుడు నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చోమంది. అందరూ నవ్వారు. బీ తాతు లేచి, "ఓర్చుకో అమ్మా, ఓర్చుకున్నదానికే ఇల్లు నిలబడుతుంది" అని కళ్ళు తుడుచుకుంది. పెద్దవదిన కాబట్టి మైకు సివాతు దగ్గరికి వచ్చింది. జుల్ఫా తలెత్తి చూసింది. సివాతు చెప్పాలనే అనుకుంది. చెబితే ఆ మాట ఎన్ని నోళ్ళు దాటి హెమెదీ దగ్గరికి ఎలా చేరుతుందో కూడా ఆ క్షణంలోనే వినబడింది, గడియ పడ్డ చప్పుడుతో సహా. "చిక్కటి కొబ్బరిపాలు ముందే పొయ్యకు, విరిగిపోతాయి. చివర్లో పొయ్యాలి" అంది. చప్పట్లు కొట్టారు. జుల్ఫా తల దించుకుంది.

అప్పుడు బీ కోంబో లేచింది. పెద్ద వయసు, పేరున్న పాటగత్తె. కీబోర్డు వాయించే అమ్మాయీ డప్పు వాయించే ఇద్దరు ఆడవాళ్ళూ పక్కన కూర్చున్నారు. సివాతు పెట్టె శబ్దం తగ్గించింది. క్లబ్బుకు జనం మరిచిపోవడానికి వస్తారు, ఎవరికీ ఏమీ గుర్తురానివ్వకూడదు అంటాడు హెమెదీ. అక్కడ మాటలు ఎవరూ వినరు, చరణం ఎవరికీ తగలకుండా పక్కనుంచి పోతుంది, దాని వెనకే ఇంకొకటి వచ్చిపడుతుంది. మనిషి ఎదురుగా నిలబడి పాడుతుంటే అలా తప్పించుకోవడానికి లేదు. యంత్రం ఎవరి కోసమూ ఆగదు. మనిషి ఆగుతుంది, నువ్వు లేస్తావేమో అని నీ వైపు చూస్తుంది. అందుకే సివాతుకు తారబ్ అంటే ప్రాణం, అందుకే భయం.

పెళ్ళయిన కొత్తలో తను నోటిచ్చిన ఆ పాటే. రాగం మొదలవగానే ఆమె గుర్తుపట్టింది. ఆ చరణం వచ్చేదాకా ఇంకా రెండు చరణాలున్నాయి. పిల్లలు గుర్తొచ్చారు. తలుపు గుర్తొచ్చింది. పెళ్ళికూతురి చాప మీద జుల్ఫా గాజుల్ని సర్దుకుంటోంది, మచ్చ మీదికి.

సివాతు కంగా కొంగు ముడి విప్పి నోటు తీసింది. పెట్టె వెనకనుంచి బయటికి వచ్చింది. చెయ్యి పైకెత్తింది. హాలు పొడవునా నడుస్తుంటే కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈసారి రాగం వినలేదు, మాటలే విన్నది. బీ కోంబో నోటు అందుకుని ఆమె కళ్ళలోకి చూసి, పద్ధతి ప్రకారం చరణం మళ్ళీ ఎత్తుకుంది.

"తలుపు వేశాక నీ మొహం నాకొక్కదానికే తెలుసు."

జుల్ఫా లేచింది. పెళ్ళికూతురు చాప దిగకూడదు, దిగింది. మేనత్త కంగా పట్టుకుని లాగినా ఆగలేదు. వచ్చి వదిన పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా గాజులు ఒక్కొక్కటే తీసి బీ కోంబో చేతిలో పెట్టింది. మణికట్టు దాచుకోలేదు. ముసలామె పాడుతూనే ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

చరణం ముగిశాక సివాతు జుల్ఫాను వెంటబెట్టుకుని పెట్టె దగ్గరికి తిరిగొచ్చింది. తర్వాతి పాట ఆమే వెయ్యాలి. హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించుకోగానే, డప్పుల్లోంచి, అరుపుల్లోంచి, రెండో చెవికి మలుపులో మోటారు సైకిలు వినిపించింది. కటువుగా ఆగింది. తలెత్తి చూసింది. హాల్లో ఎవరూ గుమ్మం వైపు తిరగలేదు, ఎవరికీ వినబడలేదు.

ఒక్క బీ తాతు తప్ప. ఆమె అప్పటికే కొంగు సర్దుకుని, మొహం తుడుచుకుని, తలుపు వైపు చూస్తోంది. ఎన్నేళ్ళ అలవాటో, ఏ మగవాడి అడుగుల కోసం మొదలుపెట్టిందో, ఆ ముసలి చెవి కూడా ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఉంది. కోడలి కళ్ళతో కళ్ళు కలవగానే పెదవులు కదిలాయి.

"వాడొచ్చాడే."

"విన్నాను అత్తయ్యా" అంది సివాతు. హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, గుమ్మానికి వీపు తిప్పి, జుల్ఫా చెయ్యి పట్టుకుని రెండో చేత్తో పాట శబ్దం పెంచింది.