నాలుగింటి గడి

ముప్పై ఏళ్ళు బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా చేశాను. ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి బయలుదేరిందో రాసుకోవడమే నా ఉద్యోగం. రిటైరైనా ఆ పాడు అలవాటు వదల్లేదు. ఎక్కడ గళ్ళ కాగితం కనిపించినా కళ్ళజోడు సవరించుకుని చదివేస్తాను.

ఓల్డేజ్ హోమ్‌లో అక్క మంచం దగ్గర అలాంటి కాగితమే వేలాడుతోంది. పక్షవాతం వచ్చి ఆమెకి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. తనంతట తాను ఒత్తిగిల్లలేదు. ఒకే వైపు పడుకుని ఉంటే ఒళ్ళు పుండ్లు పడుతుందనీ, రెండు గంటలకోసారి పక్క మార్చాలనీ డాక్టరు చెప్పాడు. మార్చినప్పుడల్లా ఆయా ఆ గంట గడిలో టిక్కు పెట్టాలి.

ఈ ఓల్డేజ్ హోమ్ దొరకడమే గగనమైంది. మొదట చూసినదానికి తోటా లైబ్రరీ అన్నీ ఉన్నాయి గానీ, తమ పని తాము చేసుకోగలిగేవాళ్ళనే చేర్చుకుంటారట. రెండోదాంట్లో నెలకోసారే చూడనిస్తామన్నారు. ఇది మూడోది. నెలరోజులు ఉండి చూడమన్నారు. నచ్చితే శుక్రవారం నా మేనకోడలు సంతకం పెట్టి, అక్క అద్దెకుండే కింది వాటా ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత అక్కకి తిరిగి వెళ్ళడానికి ఇల్లంటూ ఉండదు.

ఇంట్లో చూసుకోవచ్చుగా అంటారేమో. మేనకోడలిది షిఫ్టుల ఉద్యోగం. నేనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. "మగవాణ్ణి, నాకేం చేతనవును" అని మెల్లగా జారుకున్నాను. నిజానికి నన్నెవరూ అడగనే లేదు. అడక్కముందే చెప్పేశాను.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను.

"ఎలా ఉన్నావే అక్కా?"

"నాకేం, దివ్యంగా ఉన్నాను. నువ్వే చిక్కిపోయావు."

అలవాటుగా కాగితం చూశాను. రెండింటి గడిలో టిక్కుంది. నాలుగింటి గడిలోనూ ఉంది. ఆరింటి గడిలోనూ ఉంది. గోడ గడియారంలో మూడూ పదైంది.

ఎవరైనా వస్తారేమో చూద్దామని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాలుగైంది, ఐదైంది, ఎవరూ రాలేదు. ఆయా మాత్రం గుమ్మం ముందు నుంచి అటూ ఇటూ పరుగులు పెడుతూనే ఉంది. ఆరింటికి లోపలికొస్తే కాగితం చూపించాను. ఆమె బుకాయించలేదు.

"ఇరవై నాలుగు మంచాలు సార్, ఈ పూట నేనొక్కదాన్నే. గడి ఖాళీగా ఉంటే మేనేజరమ్మ ఊరుకోదు. అందుకే పొద్దున్నే అన్నీ పెట్టేస్తా."

"మరి మార్చేదెప్పుడు?"

"పిలిచినవాళ్ళ దగ్గరికి ముందు పోతా. ఈ అమ్మ ఎప్పుడూ పిలవదు."

ఒళ్ళు మండింది గానీ తిట్టడానికి నోరు రాలేదు. ఆ పని నేనూ చేశాను. వానాకాలంలో బస్సులు ఆలస్యమైతే పైవాళ్ళకి సంజాయిషీ చెప్పుకోలేక, రాని బస్సు వచ్చినట్టు రాసేశాను. కాగితం మీద బస్సు వెళ్ళిపోయేది. జనం తడుస్తూ నిలబడే ఉండేవాళ్ళు.

ఇద్దరం కలిసి అక్కని పక్కకి తిప్పాం. నడుం కింద అరచేతంత మేర ఎర్రగా కమిలిపోయి ఉంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేస్తావురా, మూడంతస్తులు మోసుకెళ్తావా?" అంది అక్క, గోడవైపు చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే.

ఆయాని నేర్పమని అడిగాను. భుజం, నడుం ఒకేసారి పట్టుకోవాలనీ, లాగితే చర్మం లేచిపోతుందనీ, వీపు వెనక దిండు పెట్టాలనీ చూపించింది. గురువారం కూడా వెళ్ళి నేర్చుకున్నాను.

శుక్రవారం మేనకోడలు పెన్ను తీసింది.

"సంతకం పెట్టకు. ఆ వాటాలోకి నేనొచ్చేస్తున్నాను."

"నీకు టీ పెట్టుకోవడం కూడా రాదు కదా మామయ్యా."

"తిప్పాల్సింది టీని కాదుగా."

అది జరిగి నెలైంది. పొద్దున స్నానం చేయించడానికి ఒకావిడ వస్తుంది. రాత్రుళ్ళు షిఫ్టు లేనప్పుడు మేనకోడలు వస్తుంది. అక్క నడుం మీద ఎరుపు తగ్గింది. గోడకి నేను స్కేలు పెట్టి గీసిన గళ్ళ కాగితం ఉంది.

నిన్న భోజనం చేసి కుర్చీలోనే కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి ఐదైంది. గబగబా అక్కని తిప్పి, పెన్ను పట్టుకుని కాగితం ముందు నిలబడ్డాను.

"పెట్టెయ్యరా, ఎవరు చూడొచ్చారు?" అంది అక్క.

పెన్నుకి మూత పెట్టేశాను. నాలుగింటి గడి ఖాళీగానే ఉంది.

"లేపొచ్చు కదే."

"పాపం, నిద్రపోతున్నావు కదా అని."

"అక్కడా ఇలాగే ఊరుకున్నావు. నేను కూడా మర్చిపోతానే అక్కా. నువ్వు పిలవాలి."



ఇవాళ మధ్యాహ్నం పేపరు చదువుతూ కూర్చున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచీ అక్క నాకు పెట్టడమే గానీ, నన్నేదీ అడిగి ఎరగదు. నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలుందనగా, మంచం మీంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"ఒరేయ్ టైమ్‌కీపరూ, నన్నటు తిప్పు."