వేలిముద్రలు పడే తలుపు

"ఫ్రిజ్ స్టీలు ఫినిషింగయితే పదేండ్లయినా పాతబడదంట. బెంగుళూరులో మా సార్ ఇంట్లో అంతా అదే," అన్నాడు సురేంద్ర పళ్లు తోముకుంటూ. అతని భార్య యశోద అప్పుడే బాత్‌రూంలోంచి వచ్చింది. మామూలుగా అయితే ఆ నిమిషంలోనే వాకిట్లో నిలబడి "అత్తా, నేను బయటున్నా" అని చెప్పాలి. పెళ్లయినప్పటినుంచీ నెలనెలా చెబుతూనే ఉంది. చెప్పగానే శారదమ్మ చాపా, చెంబూ, సత్తు పళ్లెం తెచ్చి వరండా పక్క గదిలో పడేస్తుంది. ఇక మూడు రోజులు వంటింటి గడప దాటకూడదు, ఫ్రిజ్ ముట్టకూడదు. ఈ పొద్దు ఆ మాట చెబితే కొత్త ఫ్రిజ్ కోసం హిందూపురం ప్రయాణం తనకుండదు. తల్లీ కొడుకూ పోయి వాళ్లకు నచ్చింది తెస్తారు. పోయిన నెల పొయ్యి అట్లే వచ్చింది, నల్లద్దం పొయ్యి. చూడ్డానికి భలే ఉంది. పాలు చిందితే మరక, నీటి చుక్క పడితే మరక, ఊరికే ఉన్నా మరకే. దాన్ని మెచ్చి తెచ్చినవాళ్లు ఇంతవరకూ ఒక్కసారైనా గుడ్డ పట్టుకోలేదు. అందుకే యశోద నోరు మూసుకుంది.

నోరైతే మూసుకుంది గానీ గుండె కుదురుగా లేదు. ఆ రోజు శనివారం, శారదమ్మకు ఒక్కపొద్దు. "నాకు ఆలస్యమవుతాంది, దీపం నువ్వే పెట్టత్తా" అని దేవుడి గూటి దగ్గరికి పోకుండా తప్పించుకుంది. కాఫీ మాత్రం తప్పలేదు. గ్లాసు చేతికిచ్చి, అత్త గుటక వేస్తుంటే ఏమవుతుందోనని ఆమె ముఖమే చూసింది. ఏమీ కాలేదు. శారదమ్మ చక్కెర తక్కువైందని విసుక్కుంది, అంతే. ఇవన్నీ ఉత్త మాటలని యశోద ఆఫీసులో అందరితో అంటుంది. మరి గ్లాసు ఇచ్చేటప్పుడు అత్త వేళ్లు తగలకుండా అంచెందుకు పట్టుకుందో ఆమెకే తెలియలేదు. భయం వేసింది, తన భయం మీద తనకే కోపమూ వచ్చింది.

ఆఫీసంటే పెనుకొండ పోస్టాఫీసు. ఆ మూడు రోజులూ యశోద కౌంటర్లోనే కూర్చుంటుంది. ఆమె చేతిమీదుగా పింఛను తీసుకున్న ముసలివాళ్లు కళ్లకద్దుకుని మరీ పోతారు. నీకు ఈరోజు ఎన్నోదినమమ్మా అని ఎవరూ అడగరు. శారదమ్మకు తమ్ముడు పంపే మనియార్డరు కూడా ఆ చేతినుంచే ఇంటికొస్తుంది. నోట్లకు లేని అంటు చల్లటి నీళ్లకు ఎక్కడిదో! ఎండాకాలంలో మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చిన రోజుల్లో, అత్త కునుకు తీస్తున్నప్పుడు, యశోద కొంగు చేతికి చుట్టుకుని పాత ఆకుపచ్చ ఫ్రిజ్ తెరిచేది. సీసా ఎత్తి గటగటా తాగి, తుడిచి, ఉన్నచోటే పెట్టి, మెల్లగా గదిలోకి జారుకునేది. సొంత ఇంట్లో నీళ్లు దొంగిలించే బతుకైపోయిందని ఎన్నిసార్లు తనను తానే తిట్టుకుందో. ఒకసారి కూతురు కీర్తన చూసింది. ఏడో తరగతి పిల్ల. "నేనెవరికీ చెప్పనులేమ్మా" అంది గుసగుసగా, తల్లిని కాపాడుతున్నట్టు. యశోద ఆ రాత్రి అన్నం తినలేకపోయింది.

హిందూపురం బస్టాండులో దిగేటప్పుడు శారదమ్మ మోకాళ్లు సహకరించక కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంగడిదాకా వదల్లేదు. ఆ పట్టులో యశోదకు చెమటలు పోశాయి. తెలిస్తే ఈ ముసలామె నడిరోడ్డు మీదే నీళ్లు చల్లుకుంటుందని అనిపించింది. అనిపించినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అంగడిలో ప్రవీణ్ అనే సేల్స్ అబ్బాయి ఒక్కో తలుపూ తెరిచి చూపించాడు. "ఈ ఎర్రదాని మీద పూల డిజైను ఇప్పుడు బాగా పోతాంది సార్. కాకపోతే రెండేండ్లకు మొహం మొత్తుతుంది."

"ఎన్నేండ్లకైనా పాతబడనిది చూపీ అబ్బా," అన్నాడు సురేంద్ర. "మా ఆకుపచ్చది తెచ్చినప్పుడు వీధి వీధంతా వచ్చి చూసినారు. ఇప్పుడు సుట్టాలొస్తే దాని మీద దుప్పటి కప్పాల్సి వస్తాంది."

యశోద ఒక మూలనున్న ఫ్రిజ్ ముందు ఆగింది. బూడిదరంగు, పైన సన్నటి గరుకు. వేలితో రాసి చూసింది, ఏ గుర్తూ మిగల్లేదు. "ఇది బాగుండాది. మరక పడినా కనపడదు. రోజూ తుడిచే పని ఉండదు."

"నీకెప్పుడూ తుడిచేదొక్కటే కనపడతాది," అన్నాడు సురేంద్ర నవ్వుతూ, ప్రవీణ్‌ని కూడా ఆ నవ్వులో కలుపుకుంటూ. "ఇది హాల్లో పెట్టేదమ్మా తల్లీ. నలుగురు చూడొద్దా?"

నలుగురు వచ్చి చూసేది ఒక్క నిమిషం. వాళ్లకు టీ పెట్టడానికి పాలకోసం వంటింటికీ హాలుకీ తిరిగేది ఎవరో ఆ నలుగురికీ పట్టదు, ఈయనకూ పట్టదు. చెబుదామనుకుంది. అప్పటికే సురేంద్ర అద్దంలాంటి స్టీలు ఫ్రిజ్ ముందు నిలబడి అందులో క్రాపు సర్దుకుంటున్నాడు.

"ఇది ఎప్పటికీ స్టైలే సార్," అన్నాడు ప్రవీణ్. తర్వాత యశోద వైపు చూసి నిజాయితీగా చెప్పాడు. "ఒకటే కంప్లయింటు మేడమ్. వేలిముద్రలు. చెయ్యి పెడితే చాలు, అచ్చు దిగుతాది. తుడిచేవరకూ పోదు."

అంతసేపూ కుర్చీలో కూర్చున్న శారదమ్మ లేచి వచ్చింది. "ఏమప్పా, ఎవురు ముట్టుకున్నా కనపడతాదా?"

"ఎవురు ముట్టుకున్నా అంతే అవ్వా."

"పట్టుకుని తెరిస్తే?"

"హ్యాండిల్ మీద కూడా పడతాది."

శారదమ్మ ముఖం వికసించింది. "అట్లయితే ఇదే కట్టియ్యి. మా ఇంట్లో నెలకు మూడు దినాలు ఫ్రిజ్ ముట్టకూడని వాళ్లుండారు. నేను కునుకు తీసినప్పుడు ఏం జరుగుతుందో నాకు తెలీదనుకుంటాండారు. ఇంక దాపరికం లేదు."

సురేంద్ర ఇబ్బందిగా "అమ్మా, ఊరుకో" అన్నాడు. యశోద అతని వైపు చూసింది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా, ఇప్పుడైనా, ఇంకొక్క మాట అంటాడేమోనని చూసింది. అతను ప్రవీణ్ వైపు తిరిగి, "సరే, స్టైలుకు స్టైలు, అమ్మకు కాపలా. ప్యాక్ చెయ్యప్పా," అన్నాడు.

"రేపోమాపో కీర్తన కూడా పెద్దదైతాది," అంది శారదమ్మ తృప్తిగా. "తల్లిదీ కూతురుదీ ఇద్దరి చేతులూ దీనిమీదనే దొరికిపోతాయి."

యశోదకు ఒళ్లంతా మండింది. తనొక్కతే అయితే ఇంకో పదేళ్లు కొంగు చుట్టుకుని బతికేదేమో. కానీ కూతురు కూడా అట్లే కొంగు చుట్టుకుని, సీసా తుడిచి, జారుకుంటుందనుకుంటే కాళ్లు ఆగలేదు. ముందుకొచ్చి, అరచెయ్యి పూర్తిగా చాచి, తలుపు నడిమధ్యన ఆనించింది. కాసేపు అట్లాగే ఉంచింది. తీసేసరికి చెమటకు ఐదు వేళ్లూ, అరచేతి గీతలూ స్టీలు మీద స్పష్టంగా తేలాయి.

"ఇదే తీసుకుందాం అత్తా," అంది. పరాయి మగవాడు వింటున్నాడని గొంతు తగ్గించలేదు. "ఈ పొద్దు నాకు మొదటి దినం. పొద్దున నువ్వు తాగిన కాఫీ నేనే కలిపినా. బస్సు దిగినప్పటినుంచీ నువ్వు పట్టుకున్నది ఈ చెయ్యే."

శారదమ్మ తన చేతిని దూరంగా పట్టుకుని చూసుకుంది. ప్రవీణ్ తల దించుకుని జేబులో పెన్ను కోసం వెతికాడు. సురేంద్ర కర్చీఫు తీసి, ముందు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తలుపు మీది గుర్తు తుడవబోయాడు.

యశోద అతని మణికట్టు పట్టుకుని ఆపింది. "ఉండనీండి. ఇంట్లో ఇట్లాంటివి రోజూ పడతాయి, ఆ మూడు దినాలూ పడతాయి. చూడలేనోళ్లు తుడుచుకోవాల. నేను తుడవను, నా కూతురు తుడవదు."