వరుస తప్పిన ఐదు జవాబులు

నన్ను అందరూ బెత్తం మాస్టారంటారు. ముప్పై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలో ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్నాను. బెత్తంతో ఎవర్నీ కొట్టలేదు, బల్లనే కొట్టాను. దెబ్బకో ప్రశ్న. హూ, హూజ్, హూమ్, విచ్, వాట్. ఎప్పుడూ ఇదే వరుస, జవాబులూ అదే వరుసలో రావాలి. పిల్లలు పరీక్షలు గట్టెక్కుతున్నారు కదా, నా పద్ధతికి వంక పెట్టేవాడెవడని విర్రవీగేవాణ్ణి.

పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడ ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళక్క రెండు నెలల క్రితం ఆసుపత్రిలో పోయింది. అక్క కూతురికి ఆరేళ్ళు, తండ్రి లేడు. పిల్లను సర్కారు ఆశ్రమంలో పెట్టారు, ఈవిడ ఆదివారాలు వెళ్ళి చూసొస్తోంది. పిన్నికి అప్పగించాలంటే ముందు అధికారిణి అడిగేవాటికి ఆవిడ జవాబు చెప్పాలి. ఆ అధికారిణికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు, దుబాసీని పెట్టరు.

"నాకు ఏబీసీడీలు తప్ప ఏం రావు మాస్టారూ. నెల్లాళ్ళే గడువు. పిల్ల నాకు దక్కాలి," అంది.

"నేను చెప్పినట్టు బట్టీ కొట్టు. మిగతాది నాకొదిలెయ్," అన్నాను.

ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులు రాసిచ్చాను. నువ్వెవరు? పిల్ల ఎవరిది? ఎవరితో ఉంటుంది? ఏ బడికి వెళుతుంది? నువ్వేం పని చేస్తావు? ఆవిడ కాలర్లు విప్పుతూ, గుండీలు కుడుతూ వల్లించింది. చివరి వారానికి బల్ల మీద దెబ్బ పడగానే జవాబు వచ్చేసేది. ప్రశ్న పూర్తిగా వినేది కూడా కాదు. అది చూసి నేను మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నదని అప్పుడు తెలియలేదు.

గడువు రోజున అధికారిణి ఆఫీసుకు ఆవిడతో నేనూ వెళ్ళాను. నోరు విప్పకూడదన్న షరతు మీద వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. పిల్ల బయట బెంచీ మీద ఆయా పక్కన ఉంది.

అధికారిణి కళ్ళజోడు సర్దుకుని, "వాట్ వర్క్ డు యు డూ?" అంది.

అది నా ఐదో ప్రశ్న. ఈవిడ మొదటి జవాబు చెప్పింది. "ఐ యామ్ హర్ మదర్స్ సిస్టర్."

"విచ్ స్కూల్ విల్ షీ గో టు?"

"షీ ఈజ్ మై సిస్టర్స్ డాటర్."

అధికారిణి కలం కింద పెట్టింది. షరతు మరిచి లేచాను. తప్పు ఆవిడది కాదు, వరుసగా బట్టీ పట్టించిన నాదని ఇంగ్లీషులోనే మొత్తుకున్నాను. కూర్చోమని చెయ్యి చూపి, అధికారిణి ముందుకు వంగింది. ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా అడిగింది. అమ్మ కావాలని పిల్ల అడిగితే ఏం చెబుతున్నావు?

అది నా కాగితంలో లేదు. ఈవిడ ఈసారి ప్రశ్న మొత్తం విన్నది. నావైపు తిరగలేదు.

"ఐ టెల్ లై," అంది చివరికి. "ఐ సే, మదర్ ఇన్ హాస్పిటల్. ఐ ఫియర్. టుడే ఐ టెల్. నాట్ అదర్స్. ఐ టెల్."

అబద్ధం చెబుతున్నానని, భయమని, ఇవాళ తనే నిజం చెబుతానని, ఆ మాట మరొకరి నోట పిల్ల వినకూడదని. ఆ నాలుగు ముక్కల్లో వ్యాకరణం మచ్చుకైనా లేదు. అయినా నా ముప్పై ఏళ్ళలో, అడిగినదానికి జవాబు చెప్పిన మొదటి మనిషి ఆవిడే. సిగ్గుతో తల వాలిపోయింది. అధికారిణి మిగతావి కూడా అలాగే నిదానంగా అడిగి, రాసుకుని, సంతకం పెట్టింది.

బయటికి రాగానే పిల్ల పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, ఇంటికేనా? అమ్మొచ్చేసిందా?"

ఆవిడ మెట్ల మీద కూలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "రాలేదు బంగారం. ఇంక రాదు. అమ్మ చనిపోయింది. నీకు అబద్ధం చెప్పాను."

పిల్ల ఏడవలేదు. పిన్ని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"అప్పుడు అమ్మ దగ్గర ఎవరున్నారు?"

"నేనున్నానమ్మా. చెయ్యి పట్టుకునే ఉన్నా."

అప్పుడు ఏడ్చింది పిల్ల. నేను నాలుగు మెట్లు దిగి, వాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాను.