ఇద్దరం ఒక్కరోజే

భీమశంకరరావు ఈ ఏడాదితో ఆట మానేస్తాడా, మానడా? ఎనభై మూడో సంవత్సరం చలికాలమంతా గాజువాక జంక్షన్లో ఇదే గొడవ. స్టీల్ ప్లాంటు ఎప్పటికి లేస్తుందో, ఎవరికి ఉద్యోగాలు వస్తాయో ఎంత మాట్లాడుకున్నా తేలడం లేదు కనక, కాస్త తేలికగా తేలే విషయమేదో పట్టుకుందామనుకున్నారు జనం. తీరా చూస్తే అదీ తేలలేదు.

రేవులో ఓడల సరుకు దించే కంపెనీ ఒకటుండేది. దాని పేరుతో మనకి పని లేదు. ఆ కంపెనీ వాలీబాల్ టీముకి ప్రాణం భీమశంకరరావు. నెట్ పక్కన నిలబడి, షాట్ కొట్టేవాడికి బంతి లేపి ఇచ్చేది ఆయనే. ఆయన వేళ్ల మీంచి లేచిన బంతి గాల్లో కాసేపు ఆగి, కొట్టేవాడి కోసం కాచుకుని ఉంటుందని చూసినవాళ్లు చెప్పుకునేవారు. అమలాపురం వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి రేవులో చేరాడు. ఇప్పుడు నలభై దగ్గర పడ్డాయి. మోకాలికి గుడ్డ చుట్టుకోకుండా గ్రౌండులో దిగి చాలా కాలమైంది.

సగం చర్చ ఆ గుడ్డ మీదే నడిచేది. కాసులమ్మ టీకొట్టు దగ్గర ఒకాయన, మొన్న కుడికాలికున్న గుడ్డ ఇవాళ ఎడమకాలికి వచ్చింది, రెండు మోకాళ్లూ పోయాయి, ఇంక మానెయ్యక ఏం చేస్తాడు అనేవాడు. మానేసేవాడు కొత్త బూట్లు ఎందుకు కొన్నాడో చెప్పమని ఇంకొకాయన ప్లీడరులా నిలదీసేవాడు. కాసులమ్మ ఒక్క రోజైనా ఆట చూసిన మనిషి కాదు. అయినా ఆవిడకీ ఒక అభిప్రాయం ఉండేది. భీమశంకరరావు భార్య గంగాభవాని ఏదో మొక్కుకుందట, ఆ మొక్కేమిటో కనుక్కుంటే సంగతి బయటపడుతుందని ఆవిడ నమ్మకం.

ఎంత వాదించుకున్నా చివరికి అందరూ వరహాలు మొహం చూసేవారు. వరహాలు సబ్బవరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ, అదే కంపెనీలో కళాసీ. భీమశంకరరావు లేపిన బంతిని కొట్టేది ఇతనే. ఏళ్ల తరబడి ఆయన లేపడం, ఇతను కొట్టడం. చుట్టరికం లేకపోయినా ఆయన్ని బావా అని పిలిచేవాడు. మీ బావ ఏమంటున్నాడని అడిగితే, వరహాలు గ్లాసులోంచి ఒక గుక్క తాగి, బస్సులు పోయే వైపు చూసి, "సూద్దాం" అనేవాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని వాళ్లు మళ్లీ మొదలెట్టేవారు. మంత్రిగారి పక్కన తిరిగే మనిషికుండే దర్జా ఆ చలికాలంలో వరహాలుకి దక్కింది, పాపం. అతనికీ భీమశంకరరావుకీ వయసులో పెద్ద తేడా లేదు. మరి నువ్వెప్పుడు మానేస్తావని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఆ సంగతి అతనికప్పుడు తట్టలేదు.

మానాలన్న ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు. పొద్దుటి నుంచీ ఓడ అడుగున బస్తాల మధ్య పనిచేసే మనిషి. అక్కడ అతన్ని పిలిచేవాళ్లందరికీ అతని పేరు "ఓయ్". మధ్యాహ్నం దాటాక టీములో ఉన్నవాళ్లని ప్రాక్టీసుకి వదిలేవారు. నిచ్చెనెక్కి పైకొచ్చి, ఒళ్లు కడుక్కుని, గ్రౌండులో కాలు పెట్టేసరికి గోడెక్కి కూర్చున్న జనం వరహాలూ వరహాలూ అని అరిచేవారు. రోజులో ఆ కాసేపే అతను తనకి తాను నచ్చేవాడు. ఎగరడంలో కుర్రాళ్లెవరూ ఇంకా అతన్ని అందుకోలేదు. మరో రెండు మూడేళ్లకి ఢోకా లేదని వాళ్లావిడ దేముడమ్మ కూడా అంది. ఆవిడ దేన్నీ అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

దీపావళి వెళ్లిన కొన్నాళ్లకి, ఓ సాయంత్రం ప్రాక్టీసయ్యాక, భీమశంకరరావు గ్రౌండు గట్టు మీద కూర్చుని మోకాలి గుడ్డ విప్పుతూ, తనకింక చాలనీ, కంపెనీ వార్షికోత్సవం రోజున మైకులో చెప్పేస్తాననీ అన్నాడు.

"నువ్వు నేకపోతే నాకు బంతెవుడు లేపుతాడు బావా?"

భీమశంకరరావు విప్పిన గుడ్డని చుట్ట చుట్టాడు.

"నేనూ అదేరా ఆలోచిస్తున్నాను. కుర్రకుంకలు లేపిన బంతికి ఎగిరి, అది అందక, నువ్వు నవ్వులపాలవడం నేను చూడలేను. కలిసి ఆడాం. ఇద్దరం ఒక్కరోజే దిగిపోదాం. జనం పదికాలాలపాటు చెప్పుకుంటారు."

ఆ మాటకి వరహాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊళ్లో అందరూ ఎవరి కోసం కొట్టుకుంటున్నారో ఆ మనిషి, తనని పక్కన పెట్టుకుని మరీ వెళ్లిపోతానంటున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి? ఇంటికెళ్లి చెబితే దేముడమ్మ చేస్తున్న పని ఆపింది.

"ఆయనకి మోకాలు పోనాది. నీకేటి పోనాది?"

నీకు ఆట తెలీదని వరహాలు కసిరాడు. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. టీకొట్టు దగ్గర అతను ఎప్పటిలాగే "సూద్దాం" అంటూనే ఉన్నాడు గానీ, ఇప్పుడా మాట అంటుంటే లోపల ఎక్కడో కలుక్కుమనేది.

వార్షికోత్సవానికి మల్కాపురం గ్రౌండులో షామియానా వేశారు. గాజువాక జంక్షన్ సగం అక్కడే ఉంది. స్టేజీ ఎక్కబోతుంటే భీమశంకరరావు వరహాలు చెవిలో, నువ్వు ముందు మాట్లాడెయ్యి, ఎక్కడైనా ముందు చిన్నవాడు, ఆఖర్న పెద్దవాడు, అదే సభామర్యాద అన్నాడు. వరహాలుకది న్యాయంగానే తోచింది. భీమశంకరరావు మాట్లాడాక ఇంకెవడి మాట ఎవడు వింటాడు?

వరహాలు మైకు ముందుకొచ్చాడు.

"ఇయ్యాల్టితో నాను ఆట మానేత్తన్నాను. మా బావ బంతి కొట్టిన సేత్తో ఇంకోడి బంతి కొట్టనేను. సెలవు."

చప్పట్లు పడ్డాయి, ఓ మాదిరిగా. కంపెనీ స్పోర్ట్స్ ఆఫీసరు దండ వేసి, శాలువా కప్పాడు. జనం అతని మీద దృష్టి పెట్టలేదు. వరహాలే పోతున్నాడంటే భీమశంకరరావు పోవడం ఖాయమని వాళ్లకి అర్థమైంది. మానొద్దు, మానొద్దని షామియానా నాలుగు వైపుల నుంచీ కేకలు లేచాయి. భీమశంకరరావు మైకు పట్టుకుని, తలొంచుకుని, అవన్నీ కాసేపు విన్నాడు. చెబుదామని వచ్చిన మాట వేరు, ఈ అభిమానం చూశాక నోరు రావడం లేదు అన్నాడు. మీ కోసం ఇంకో రెండేళ్లు ఆడతాను అన్నాడు.

జనం స్టేజీ మీదికి ఎగబడి ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. వరహాలు కూడా చప్పట్లు కొట్టాడు. చేతులు వాటంతటవే కొట్టేశాయి. ఇప్పుడు బావ ఇటు తిరుగుతాడు, నువ్వెక్కడికిరా పోతావు, రా అంటాడు. అలా అంటాడని మొహాన నవ్వు సిద్ధం చేసుకుని, మెడలో దండతో అక్కడే నిలబడ్డాడు. ఆయన ఇటు తిరగలేదు.

అయినా వరహాలు ఆయన్నే వెనకేసుకొచ్చాడు. అంతమంది అరుస్తుంటే ఎవరి మనసైనా కరుగుతుంది, బావ తప్పేముంది అని తనకి తానే చెప్పుకున్నాడు. టీల దగ్గర స్పోర్ట్స్ ఆఫీసరు వచ్చి భుజం తట్టేదాకా అదే నమ్మాడు.

"మంచి పని చేశావయ్యా వరహాలూ. పాతవాళ్లలో ఒక్కరినే టీములో ఉంచమని దీపావళికి ముందే పైనుంచి చెప్పారు. మీలో మీరే తేల్చుకోండని భీమశంకరరావుతో అప్పుడే అన్నాను. నిజం చెప్పాలంటే, కాళ్లు బాగున్నవాడివి కనక నేను నిన్నే ఉంచుదామనుకున్నాను. నువ్వే తప్పుకుని ఆయనకి దారిచ్చావు. ఎంతమందికి వస్తుందయ్యా ఆ గుణం?"

ఆయన మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. వరహాలు టీ తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. దీపావళికి ముందే. గట్టు మీద కూర్చుని గుడ్డ విప్పుతూ, నవ్వులపాలవుతుంటే చూడలేనన్నప్పుడు ఆయనకి అంతా తెలుసు. చిన్నవాడు ముందు అన్నప్పుడూ తెలుసు. ఆ మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. శాలువా తీసి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా గాజువాక బస్సెక్కేశాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే భీమశంకరరావు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన ఆ ఇంటికి కొత్త కాదు, ఏ వారమూ రాకుండా ఉన్నది లేదు. వరహాలు కుళాయి దగ్గర బిందె నింపుకుంటూ, ఆఫీసరు అంతా చెప్పేశాడని ఒక్క ముక్క అన్నాడు.

భీమశంకరరావు బుకాయించలేదు. ఆ మాట వినగానే చెప్పుకుపోయాడు. తనకి పిల్లల్లేరు. ఆట పోతే ఆ గ్రౌండు పక్కనుంచి నడవడానికి కూడా మొహం చెల్లదు. నీకు ఇల్లుంది, పిల్లలున్నారు, ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంది, నువ్వు తట్టుకుంటావు. ఇలా చాలా చెప్పాడు. వరహాలుకి జాలేసింది. అంత జరిగాక కూడా జాలెయ్యడం చూసి తన మీద తనకే ఒళ్లు మండింది.

"అయన్నీ నాకు తెల్దేటి బావా? ఒక్క మాట అడిగితే ఇచ్చీసీవోడ్ని. అడిగినావా?"

"అడిగితే ఇస్తావని తెలుసురా."

"మరేటి?"

భీమశంకరరావు వీధి వైపు చూశాడు.

"అడిగి తీసుకుంటే, ఆ రెండేళ్లూ నువ్వు పడేసిన ముష్టితో ఆడినట్టుంటుంది. అలా ఎలా ఆడతానురా నేను?"

బిందె నిండి నీళ్లు కాళ్ల మీంచి పోతున్నా వరహాలు కదల్లేదు. గతిలేక మోసం చేశాడనుకున్నాడు ఇందాకటిదాకా. అది కాదు. వరహాలుని మోసం చెయ్యడానికి ఈ మనిషికి మనసొప్పింది, వరహాలు దగ్గర చేయి చాచడానికి ఒప్పలేదు. ఇన్నేళ్లూ ఒకరికొకరం అనుకున్నది తానొక్కడే. ఆయన లెక్కలో తానెప్పుడూ ఆయన ఇచ్చింది కొట్టేవాడే, తిరిగి ఇచ్చే అర్హత ఉన్నవాడు కాదు. రాత్రి స్టేజీ మీద జరిగిందానికన్నా ఇదే ఎక్కువ నొప్పెట్టింది.

లోపలి నుంచి దేముడమ్మ రెండు గ్లాసులతో టీ తెచ్చింది. అలవాటు ప్రకారం ముందు అరుగు మీద మనిషి వైపే వెళ్లింది.

"ఆయనకొద్దే," అన్నాడు వరహాలు. "మనం ఇచ్చింది ఆయన పుచ్చుకోడు."

భీమశంకరరావు చేయి అప్పటికే గ్లాసు కోసం సగం చాచి ఉంది.