పెద్దాయన రాని తాంబూలాలు

ఒడిశాలోని మా రాయగడ తెలుగువాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. అందరి సొంతూళ్ళూ శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్కడో ఉండిపోయాయి. ఎవరి తాత ఎవరో ఇక్కడ ఎవరికీ తెలీదు. అందుకని తాంబూలాలు మార్చుకునే ముందు ఒక పెద్దమనిషి లేచి, ఆడపిల్ల తరపు మూడు తరాల పేర్లూ నోటితో చెప్పి, "ఈ పిల్ల మా పిల్ల" అంటాడు. అంటే ఆ ఇంటికి ఆయన పూచీ అన్నమాట. చాలా ఏళ్ళుగా ఆ పెద్దమనిషి మా ఆయనే, రైల్వేలో గార్డుగా రిటైరైన సూర్యనారాయణ. ఆయన ఊళ్ళో లేరని జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ వాళ్ళు ముహూర్తాలు మార్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆయనకీ అదంటే మహా గర్వం. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదుగానీ ఊరందరి ముత్తాతల పేర్లూ గడగడా చెప్పేసేవారు.

నిరుడు ఆ పేర్లు జారిపోవడం మొదలైంది. మొదట మనవరాల్ని తన చెల్లెలి పేరుతో పిలిచారు. తర్వాత ఒకరోజు ఇంటికి దారి తెలీక బజార్లో నిలబడిపోతే, కూరల కొట్టు దేబాశిష్ స్కూటరు మీద తెచ్చి దింపాడు.

"ఎవులికీ సెప్పకే," అన్నారు నాతో. "మతి పోయినోడంతారు." చెప్పనని మాటిచ్చాను.

ఆ రోజుల్లోనే గోవిందరావు కూతురు హరిప్రియకి సంబంధం కుదిరింది. గోవిందరావు మిల్లులో ఫిట్టరు, మా ఎదురిల్లే. హరిప్రియ బళ్ళో టీచరు. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు గడప తొక్కేది ఆ పిల్లే. అబ్బాయిది కోరాపుట్. అక్కడ మాటంతా అతని మేనమామ సూర్యప్రకాష్‌ది.

"పేర్లు సీటీ మీద రాసిస్తాను, సూసి సదివేయండి," అన్నాను ఆయనతో.

"ఇన్నాళ్ళూ నోటితో సెప్పినోణ్ణి, ఇప్పుడు సీటీ పట్టుకోవాల? నలుగురూ ఏటనుకుంతారు?"

తాంబూలాల రోజు పొద్దున్నే పాలకి వెళ్ళొచ్చి, తీరా బయల్దేరే వేళకి కాలునొప్పి అని మంచమెక్కారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కదాన్నే వెళ్ళాను. పెళ్ళివారు ఆయన కోసం చూసి చూసి అడిగారు. కాలునొప్పట అన్నాడు గోవిందరావు.

"అదేటి, పొద్దున్న పాలకొట్టు కాడ సక్కగా నడుస్తన్నారే," అంది వెనకనుంచి ఎవరో.

సూర్యప్రకాష్ తాంబూలం పళ్ళెం కింద పెట్టేశాడు. తొందరేముంది, మరో రోజు చూద్దాం అన్నాడు. వారం తిరక్కుండానే వేరేచోట చూసుకుంటామని ఫోను చేశాడు.

ఆపైన కాలనీలో మాట పాకింది. సూర్యనారాయణగారే రాలేదంటే పిల్లలో ఏదో ఉందన్నారు. ఏముందని మా గుమ్మంలోకొచ్చి అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఇంకో సంబంధం చూడబోతే వాళ్ళూ వెనక్కి తగ్గారు. హరిప్రియ మా ఇంటివైపు చూడటం మానేసి, చుట్టూ తిరిగి బడికి వెళ్ళేది. అది చూసి ఆయన అన్నం ముందు కూర్చుని ఏడ్చేశారు.

"నా పరువు కాపాడుకుందారని ఆ అమ్మి పరువు తీసేసేనే. కోరాపుట్ పోదాం, పద. ఉన్నదున్నట్టు సెప్పేస్తాను."

బయల్దేరుతుంటే గోవిందరావుకి సంగతంతా చెప్పాం. కోపం రాలేదతనికి, ఆశ పుట్టింది. ఆ ఆశే నన్ను భయపెట్టింది.

కోరాపుట్‌లో ఆయన కుర్చీలో సరిగా కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"నాకు కాలునొప్పి కాదు బాబూ. పేర్లు గురుతుండట్నేదు. నలుగుర్లో తడబడితే నవ్వుతారని రానేదు. అంతే. ఆ అమ్మికి ఏ వంకా నేదు. బంగారం."

సూర్యప్రకాష్ మర్యాదస్తుడే. టీ ఇప్పించాడు. మెల్లగా అన్నాడు.

"ఇంత దూరం వచ్చేరు, మీది పెద్ద మనసు. కానీ బాబుగారూ, గురుతుండట్నేదని మీరే అంతన్నారు. మరి మీ మాట పట్టుకుని మేం ఎలాగ ముందుకెల్లీది?"

ఆయన లేచారు. తాంబూలాలప్పుడు నిలబడినట్టే చొక్కా సర్దుకుని నిలబడ్డారు.

"అప్పలస్వామి మునిమనవరాలు. సింహాచలం మనవరాలు..."

ఆగిపోయారు. ఎదురింటి మనిషి, రోజూ చూసే మనిషి, అతని పేరే దొరకలేదు. నావైపు చూశారు. నేను నోరు విప్పేలోగా సూర్యప్రకాష్ తల వంచుకుని, "పరవానేదు, కూకోండి," అన్నాడు. ఆ జాలి భరించలేకపోయాను. ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

తిరుగు రైల్లో సొరంగాలు ఒక్కొక్కటే దాటాం. టికిరి స్టేషను దాటాక ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"గోవిందరావు! గోవిందరావు కూతురే! దిగిపోదాం, ఎల్లి సెప్పేసొద్దాం!"

పెట్టెలో అందరూ తిరిగి చూశారు. సంచీ దించబోతే తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటికెళ్ళేదాకా ఆ పేరు పోకూడదని కాబోలు, దారంతా గొణుక్కుంటూనే ఉన్నారు.

రాయగడ స్టేషన్లో గోవిందరావు, హరిప్రియ ఎదురుచూస్తున్నారు. ఆయన దిగీదిగగానే "గోవిందరావూ!" అని పిలిచి, అతని భుజాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు చూసి సంబంధం నిలబడిందనుకున్నాడు గోవిందరావు. రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెట్టాడు.

హరిప్రియ నా ముఖంలోకి చూసింది. చూసి, వాళ్ళ నాన్న చేతులు మెల్లగా కిందికి దించింది.