ఉన్ని పీల్చిన పరీక్ష

గొర్ల బొచ్చు కత్తిరించే కాలం వచ్చిందంటే నాకు ఆయాసం మొదలయ్యేది. ఉన్ని ఏకడానికి కూర్చుంటే చాలు, రొమ్ములో పిల్లికూతలు. "పని తప్పించుకునే నకరాలు" అనేది మా అత్త గుర్వమ్మ. గొర్లు కాసే కురుమల ఇంట పుట్టినదానికి ఉన్ని పడకపోవడమేమిటని ఆమె వాదన. చివరికి నాది పుట్టురోగమని తేల్చి, నన్ను పుట్టింటికి తోలి కొడుక్కి మారుమనువు చేస్తానంది. మా ఆయన గొర్లను తోలుకుని పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నల్గొండ దవాఖానకు పట్నం నుంచి ఉబ్బసం డాక్టరు వచ్చాడని విన్నాను. సాగర్ డ్యాం కూలీలతో కిక్కిరిసిన బస్సులో అత్తను నేనే వెంటబెట్టుకుని పోయాను.

"ఏది పడ్తలేదో పీల్పించి చూస్తా. ఆయాసం రావచ్చు, సూదిమందు తయారుగనే ఉంటది" అన్నాడు డాక్టరు.

"రానియ్యి సారూ. గామె ముంగటనే రావాలె" అన్నాను.

ముందు ఉత్త ఉప్పునీళ్ల తుంపర గొట్టంతో పీల్పించాడు. ఏమీ కాలేదు. "సూసినవా, దీనికి ఏ రోగం లేదు" అంది అత్త. తరువాత గొర్రె ఉన్ని నానబెట్టి తీసిన నీళ్లు అదే గొట్టంలో పోశాడు. కాసేపటికే ఎవరో గొంతు పిసికినట్టయింది. కళ్లు తేలేశాను.

అత్త హడలిపోయి భుజం మీది ఉన్ని గొంగడి తీసి నాకు నిండా కప్పింది. జ్వరానికీ బాలింతకూ దడుపుకూ మా ఇళ్లలో అదే మందు. డాక్టరు దాన్ని లాగి వరండాలోకి విసిరేశాడు. "గిదే ఆమెను చంపుతుంది!" అని అరుస్తూ సూది పొడిచాడు.

ఊపిరి తిరిగింది. అత్త ఏడుస్తూ, "నిజమేనే బీరమ్మా. ఇగ నువ్వు బొచ్చు జోలికి పోకు" అంది. నా మనసు కరగలేదు సరికదా, కోపం ఇంకా పెరిగింది. ఇన్నేళ్లు కళ్లముందు ఎగపోస్తుంటే కనబడనిది గాజుగొట్టంలో కనబడిందా?

ఆర్నెల్లకు మళ్లీ బొచ్చు కత్తిరించారు. నేను వంటలో ఉన్నాను. మరిది పెళ్లాం గోపమ్మ, కొత్త కోడలు, ఉన్ని ఏకుతూ దగ్గు మొదలుపెట్టింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"పని తప్పించుకునే నకరాలు" అంది అత్త.

పొయ్యిమీద కుండ అట్లాగే వదిలి వచ్చాను. ఉన్నిగంప ఎత్తి అత్త ఒడిలో కుమ్మరించాను.

"దీన్ని గూడ సావుదాక తీస్కపోతెనే నమ్ముతవా అత్తమ్మా? ఏకు. నువ్వే ఏకు."

గోపమ్మ చెయ్యి పట్టుకుని బయటి గాలిలోకి తీసుకుపోయాను.